పొగ గొట్టం పక్కనే పారేసుకుంటున్న వేడి



వీలైతే ఎప్పుడైనా ఒక పాల డెయిరీ వెనక వైపుకు వెళ్లి చూడండి. ఒక మూల బాయిలర్ ఉంటుంది. అందులో ఊక బ్రికెట్లో, కట్టెలో, బొగ్గో, ఫర్నేస్ ఆయిలో మండుతూ ఉంటుంది. దాని నుంచి వచ్చే ఆవిరితో లోపల పాలను 72 డిగ్రీలకు కాచి, 15 సెకన్ల పాటు ఆ వేడిలో ఉంచుతారు. ఆ వెంటనే 4 డిగ్రీలకు చల్లబరుస్తారు. చల్లబరిచే పని అమ్మోనియా కంప్రెసర్లది. పాలలోంచి అవి లాగేసిన వేడి ఎటు పోతోంది? కూలింగ్ టవర్ లోంచి తడిగాలిగా ఆకాశంలోకి. బాయిలర్‌కూ ఆ టవర్‌కూ మధ్య దూరం చాలా చోట్ల నాలుగడుగులు వేస్తే సరిపోతుంది. ఇటు డబ్బు పెట్టి వేడిని కొంటున్నాం, అటు డబ్బు పెట్టి వేడిని వదిలించుకుంటున్నాం.

ఈ రెండు పనులనూ ఒకటిగా చేసే యంత్రం ఉంది. దాని పేరు హీట్ పంప్. దానితో మన దేశ పరిశ్రమ బొగ్గు పొగ నుంచి ఎంతవరకు బయటపడగలదో ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను. ‘ఎంతవరకు’ అన్న మాట కావాలనే అంటున్నాను.

పరిశ్రమ అనగానే మనకు తిరిగే మోటార్లు, కదిలే బెల్టులు గుర్తుకొస్తాయి. కానీ ప్రపంచవ్యాప్తంగా పరిశ్రమలు వాడే శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు వేడి కోసమే ఖర్చవుతోంది. ఎండబెట్టడం, ఉడకబెట్టడం, రంగులద్దడం, కడగడం, కరిగించడం, ఇవన్నీ వేడితో జరిగే పనులే. ఆ వేడి చాలావరకు ఏదో ఒకటి మండించగా వచ్చేదే. మోటారు వాహనాల్లో డీజిల్ పోయి బ్యాటరీ వస్తున్నట్టు, ఫ్యాక్టరీల్లోనూ బాయిలర్ తీసేసి కరెంటు పెట్టేస్తే చాలదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

మన దేశంలో ఇక్కడే జాగ్రత్తగా లెక్క వేయాలి. మన కరెంటులో ఇప్పటికీ సుమారు మూడొంతులు బొగ్గు నుంచి వస్తున్నదే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రకటించే లెక్కల ప్రకారం గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు తయారు కావడానికి సగటున 700 గ్రాముల పైచిలుకు బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తోంది. తీగల్లో పోయే నష్టం కలిపితే ఇంకాస్త ఎక్కువ. అదే ఒక యూనిట్ వేడిని నేరుగా బొగ్గు బాయిలర్‌లో తయారు చేస్తే, బాయిలర్ నష్టాలు కూడా కలిపి, వెలువడేది సుమారు 430 గ్రాములు. అంటే బొగ్గు బాయిలర్ పీకేసి, దాని చోట కాయిల్‌తో నీళ్లు కాచే కరెంటు బాయిలర్ పెట్టి గ్రిడ్ కరెంటుతో నడిపితే, పొగ తగ్గదు, పెరుగుతుంది. మన ఫ్యాక్టరీ గొట్టం శుభ్రంగా కనిపిస్తుంది. ఆ పొగ రామగుండంలోనో, సింహాద్రిలోనో, కృష్ణపట్నంలోనో లేస్తుంది.

అందుకే ‘అన్నిటికీ కరెంటు’ అనే నినాదాన్ని నేను మన దేశానికి ఉన్నదున్నట్టు ఒప్పుకోను. కరెంటుతో వేడిని పుట్టించడం ఒకటి. ఉన్న వేడిని కరెంటుతో పైకి తోడడం మరొకటి. హీట్ పంప్ చేసేది ఆ రెండో పని. ఒక యూనిట్ కరెంటు తీసుకొని, పారేసే నీళ్లలోనో గాలిలోనో ఉన్న రెండు యూనిట్ల వేడిని దానికి కలిపి, మూడు యూనిట్లుగా మనకు అందిస్తుంది. అప్పుడు ఇందాకటి 700 పైచిలుకు గ్రాములను, 720 అనుకుందాం, మూడుతో భాగించాలి. యూనిట్ వేడికి 240 గ్రాములు. బొగ్గు బాయిలర్ వదిలే దానిలో ఇది సగానికి కాస్త ఎక్కువ, అంతే. అదీ ఇవాళ్టి గ్రిడ్‌తోనే, సోలార్, గాలిమరల కరెంటు ఇంకా పెరగక ముందే.

ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని యూనిట్ల వేడి వస్తుందన్నది వేడిని ఎంత ఎత్తుకు తోడాలన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. బోరు వేసిన రైతుకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. వంద అడుగుల్లో నీళ్లుంటే ఒక కరెంటు బిల్లు, ఐదువందల అడుగుల్లో ఉంటే మరో బిల్లు. వేడి విషయంలో ఆ లోతును డిగ్రీల్లో కొలుస్తాం. 40 డిగ్రీల నీళ్లలోని వేడిని 90 డిగ్రీలకు ఎక్కించాలంటే మంచి యంత్రం యూనిట్‌కు మూడు నుంచి మూడున్నర వరకు ఇస్తుంది. అదే 40 నుంచి 150కి ఎక్కించమంటే రెండు దగ్గర ఆగిపోతుంది. 80 డిగ్రీల వ్యర్థ జలం దొరికితే, 150కి ఎక్కించినా మళ్లీ మూడు దాకా రావచ్చు. ఎంత మంచి యంత్రమైనా దాటలేని హద్దును ఫ్రాన్స్ ఇంజనీరు సాదీ కార్నో 1824లోనే లెక్కగట్టి చూపించాడు. ఏ కంపెనీ దాన్ని దాటలేదు. దానికి దగ్గరగా పోవడానికే పోటీ అంతా.

బొగ్గు బాయిలర్‌తో పోలిస్తే యూనిట్ కరెంటుకు వచ్చే వేడి యూనిట్ల సంఖ్య 1.7 దాటితే చాలు, మన దేశంలో పొగ తగ్గుతుంది. ఫర్నేస్ ఆయిల్ బాయిలర్ అయితే రెండుంపావు దాకా రావాలి. గ్యాస్ బాయిలర్ ఉన్న చోట మూడు దాటితేనే నిజమైన లాభం. హీట్ పంప్ కొనే ముందు ఫ్యాక్టరీ యజమాని మొదట అడగవలసింది తన దగ్గర ఈ సంఖ్య ఎంతవుతుందనే. అమ్మేవాళ్లు ఈ సంఖ్యను తమంతట తాము మన పరిస్థితికి లెక్కగట్టి చెప్పరు. కాటలాగులో చూపేది తమకు అనుకూలమైన డిగ్రీల దగ్గరి సంఖ్య.

ఇదేదో నిన్నా మొన్నా పుట్టిన సాంకేతికత అనుకోకండి. 1850లలో ఆస్ట్రియాలో ఎబెన్సే అనే ఊళ్లో ఉప్పు నీటిని మరిగించి ఉప్పు తీసేవారు. దానికి అడవులకు అడవులు కట్టెలుగా తగలబడేవి. పీటర్ రిట్టింగర్ అనే గనుల ఇంజనీరుకు ఒక ఆలోచన తట్టింది. మరిగే నీటిలోంచి లేచే ఆవిరిని వదిలేయకుండా పట్టి, కంప్రెసర్‌తో నొక్కితే దాని వేడి పెరుగుతుంది. ఆ ఆవిరినే తిరిగి ఉప్పునీటి కిందికి పంపి మరిగించవచ్చు. నొక్కడానికి జలశక్తి ఉంది. కట్టెలు మిగులుతాయి. ఆయన పెట్టిన యంత్రం ప్రయోగ దశ దాటలేదు, ఉప్పు పెచ్చులు కట్టి ఇబ్బంది పెట్టింది. ఇరవయ్యేళ్ల తర్వాత స్విట్జర్లాండ్‌లోని బే ఉప్పు కర్మాగారంలో అదే సూత్రం సవ్యంగా పనిచేసింది. అంటే పరిశ్రమలో పని చేసిన తొలి హీట్ పంపులు ఇంటి గదులు వెచ్చబరచడానికి పుట్టినవి కావు. ఉప్పు వండడానికి పుట్టాయి. చమురు, బొగ్గు చవకగా దొరికిన కాలంలో వాటిని పక్కన పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బొగ్గు దిగుమతి కష్టమైన స్విట్జర్లాండ్ మళ్లీ వాటి వైపు చూసింది.

ఆ ఉప్పు కథ మన పొరుగునే, తమిళనాడులోని తిరుప్పూరులో కొనసాగుతోంది. బనియన్లకు రంగులద్దే యూనిట్ల మురుగు నొయ్యల్ నదిని పాడు చేస్తోందని 2011లో మద్రాసు హైకోర్టు వాటి మూసివేతకు ఆదేశించింది. మళ్లీ తెరవాలంటే చుక్క మురుగు కూడా బయటికి పోకూడదు. దాంతో అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రాలు రంగు నీళ్లను వడకట్టి, మిగిలిన ఉప్పునీటిని మరిగించి, నీటినీ ఉప్పునూ తిరిగి వాడుకుంటున్నాయి. మరిగించే ఆ యంత్రాల్లో ఎం.వి.ఆర్. అని పిలిచేవి ఉన్నాయి. అవి చేసేది సరిగ్గా రిట్టింగర్ తలపెట్టిన పనే. ఆవిరిని నొక్కి, మళ్లీ అదే నీటిని కాచడం. ఈ విద్య మన దేశానికి పరాయిది కాదని చెప్పడానికే ఇంత వివరంగా చెబుతున్నాను. పటాన్‌చెరు, జీడిమెట్ల ప్రాంతాల మందుల ఫ్యాక్టరీలకు కూడా మురుగును మరిగించడం ఒక పెద్ద ఖర్చు. అక్కడ ఇంకా బాయిలర్ ఆవిరితో నడుస్తున్న ఎవాపరేటర్లు ఉన్న చోట ఈ మార్పుకు చోటుంది.

పాల డెయిరీ దగ్గరికి తిరిగి వద్దాం. అసలు విషయం అక్కడుంది.

డెయిరీలో పాలు కాచడానికి 72 డిగ్రీలు చాలన్నాను. అందులోనూ చాలా భాగం వేడి చల్లటి పచ్చి పాలకూ కాగిన పాలకూ మధ్య ప్లేట్ల గుండా చేతులు మారుతుంది, బయటి నుంచి కొంతే ఇవ్వాలి. ఆ తర్వాత పెద్ద ఖర్చు కడగడం. ట్యాంకులు, గొట్టాలు విప్పకుండా లోపలే కాస్టిక్ నీళ్లు, ఆసిడ్ నీళ్లు తిప్పి కడుగుతారు. డెయిరీ వాళ్లు దాన్ని సీఐపీ అంటారు. దానికి 75 నుంచి 85 డిగ్రీలు కావాలి. క్రేట్లు కడగడానికి అంతకంటే తక్కువ. కానీ బాయిలర్ నుంచి వచ్చేది 150, 160 డిగ్రీల ఆవిరి. ఎందుకంటే బాయిలర్ పుట్టినప్పటి నుంచీ ఫ్యాక్టరీ అంతటా ఒకే ఆవిరి గొట్టం వేయడం అలవాటు. అవసరం 80 డిగ్రీలైతే 160 డిగ్రీలది పంపి, దారిలో కొంత పోగొట్టుకొని, ఆవిరి చల్లారగా మిగిలిన నీళ్లలో కొంత వదిలేసి, మిగిలినది వాడుతున్నాం. మంట పెట్టి వేడి చేసేవాడికి 80కీ 160కీ పెద్ద తేడా తెలియదు. హీట్ పంప్‌కు ఆ తేడా ప్రాణం.

కాబట్టి మొదట మార్చవలసింది యంత్రాన్ని కాదు, ఆవిరి గొట్టాన్ని. ఎక్కడెక్కడ వేడినీళ్లు సరిపోతాయో అక్కడ ఆవిరి బదులు 90 డిగ్రీల నీళ్ల లైను వేయాలి. నార్వేలోని బెర్గెన్‌లో టినే అనే రైతుల సహకార సంస్థ కట్టిన డెయిరీలో ఇలాగే చేశారు. చల్లబరిచే యంత్రాలు వదిలే వేడినే హీట్ పంపులతో 95 డిగ్రీల దాకా ఎక్కించి, ఆ వేడినీళ్లతోనే డెయిరీ నడిపేలా మొదటి నుంచే గీసుకున్నారు. నార్వే చలి దేశం. మనకు ఇంకో సౌలభ్యం ఉంది. మన కండెన్సర్ నీళ్లు ఏడాదిలో ఎక్కువ కాలం 35, 40 డిగ్రీల దగ్గరే ఉంటాయి. చల్లబరచడానికి శాపంగా అనుకునే మన ఎండ, వేడిని తోడేటప్పుడు కలిసొస్తుంది. పైగా మన డెయిరీలు, రొయ్యల ప్లాంట్లు, ఐస్‌క్రీం ఫ్యాక్టరీలు అన్నీ చలువనూ వేడినీ ఒకేచోట వాడేవే. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో అమ్మోనియా కంప్రెసర్లు రాత్రింబవళ్లు ఆడుతూనే ఉంటాయి.

పాలపొడి చేసే చోట మాత్రం ఇంత సులువు కాదు. అక్కడ గాలిని 180, 200 డిగ్రీలకు కాచి, పాలను తుంపరగా వదులుతారు. ఆ గాలిని కొంత దూరం హీట్ పంప్ వేడి చేయగలదు, చివరి మెట్లు వేరే దారిలో ఎక్కాలి.

ఇప్పుడు ఆ పై మెట్ల సంగతి. జపాన్‌లో కోబె స్టీల్ కంపెనీ 2011లోనే 165 డిగ్రీల ఆవిరినిచ్చే యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. 70 డిగ్రీల నీళ్లిస్తే యూనిట్ కరెంటుకు రెండున్నర యూనిట్ల వేడి ఇస్తుందని దాని లెక్క. ఆస్ట్రియాలో ఇటుకలు ఆరబెట్టే చోట, గంజిపొడి ఆరబెట్టే చోట 160 డిగ్రీల దాకా పరీక్షించి చూశారు. జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో బీఏఎస్ఎఫ్ రసాయన కర్మాగారం 50 మెగావాట్ల హీట్ పంప్‌కు శ్రీకారం చుట్టింది. ఏడాదికి 5 లక్షల టన్నుల ఆవిరి దాని లక్ష్యం. మన బట్టలద్దకానికి, కాగితం ఆరబెట్టడానికి, మందుల తయారీకి కావలసిన వేడిలో చాలా భాగం ఈ హద్దు లోపలే ఉంది.

ఆ హద్దు దాటిన పరిశ్రమల గురించి కూడా నేను మౌనంగా ఉండలేను. సిమెంటు బట్టీలో 1,450 డిగ్రీలు కావాలి. తాండూరులోనైనా జగ్గయ్యపేటలోనైనా హీట్ పంప్ అక్కడికి చేరదు. పైగా సిమెంటు పొగలో సగానికి పైగా సున్నపురాయి విడిపోవడం వల్ల వచ్చేది, మంట వల్ల వచ్చేది కాదు. విశాఖ ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేసుల్లో కోక్ బొగ్గు వేడినివ్వడమే కాదు, ఇనుప ఖనిజంలోని ఆక్సిజన్‌ను ఊడబెరికే పని కూడా చేస్తుంది. కరెంటు కొలుముల్లో ఉక్కు కరిగించడం మన దేశంలో ఇప్పటికే సగానికి పైగా ఉంది. కానీ ఆ కొలుముల్లోకి పోయే స్పాంజ్ ఐరన్, అంటే ఖనిజాన్ని కరిగించకుండానే ఆక్సిజన్ తీసేసిన ఇనుము, చాలావరకు బొగ్గుతోనే తయారవుతోంది. ఆ పద్ధతిని మన దేశంలో మొదట చేసి చూపించిన ప్లాంటు 1980లో పాల్వంచలో మొదలైంది. చివరి అంచెలో కరెంటు ఉందని మొత్తం ఉక్కును పచ్చ ఉక్కు అనడం తప్పు. ఈ పెద్ద పరిశ్రమలకు హైడ్రోజన్ వంటి వేరే దారులు కావాలి, అవి ఖరీదైనవి, నెమ్మదిగా వచ్చేవి. వాటి కోసం ఎదురుచూస్తూ 90 డిగ్రీల పని చేసే వేల ఫ్యాక్టరీలను అలాగే వదిలేయడమే నాకు బాధ కలిగించే విషయం.

డబ్బు లెక్క చూద్దాం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పరిశ్రమకు యూనిట్ కరెంటు సుమారు 6 నుంచి 8 రూపాయల మధ్య పడుతోంది. 7 రూపాయలు అనుకుందాం. యూనిట్‌కు మూడు ఇచ్చే హీట్ పంప్‌లో వేడి ధర 2 రూపాయల 33 పైసలు. లీటరు డీజిల్‌లో ఉండేది 10 యూనిట్ల వేడి, బాయిలర్ నష్టాలు పోగా ఒక్కో యూనిట్ 10 రూపాయలు దాటుతుంది. ఫర్నేస్ ఆయిల్, ఎల్‌పీజీ కూడా హీట్ పంప్ ముందు నిలవవు. అవి వాడుతున్న వాళ్లు ఇంకా ఎందుకు వాడుతున్నారో కూర్చొని ఆలోచించాలి. బొగ్గు సంగతి వేరు. కిలోకు 5 యూనిట్ల వేడినిచ్చే బొగ్గు 7 రూపాయలకు గేటు దగ్గరికి చేరిందనుకుంటే, నష్టాలు పోగా వేడి ధర 2 రూపాయల లోపే. ఊక అయితే ఇంకా తక్కువ. మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లుకు ఊక తన సొంత సరుకు, అది వడ్లతోనే వస్తుంది. అక్కడికి హీట్ పంప్ తీసుకెళ్లి పెట్టమని నేను అడగను.

బొగ్గు దగ్గర ఆ కొద్ది పైసల తేడాను పూడ్చే మార్గం పగటి ఎండలో ఉంది. వాణిజ్య, పారిశ్రామిక వాడకందారులకు సౌర వేళల్లో కరెంటు ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని కేంద్రం 2023లో నిబంధన తెచ్చింది. రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లు దాన్ని నిజంగా అమలు చేస్తే, డెయిరీ మిట్టమధ్యాహ్నం హీట్ పంప్ నడిపి, 90 డిగ్రీల నీళ్లు పెద్ద ట్యాంకులో నింపుకొని, సాయంత్రం, మర్నాడు తెల్లవారుజామున కడుక్కోవచ్చు. కరెంటును బ్యాటరీలో దాయడం కంటే వేడినీళ్లను ట్యాంకులో దాయడం ఎన్నో రెట్లు చవక. సోలార్ కరెంటు మిగిలిపోతోందని బాధపడే డిస్కంలకూ ఇది మేలు. ఇందాక చెప్పిన బీఏఎస్ఎఫ్ 50 మెగావాట్ల యంత్రానికి జర్మనీ ప్రభుత్వం 31 కోట్ల యూరోల దాకా సాయం ప్రకటించింది. అంత మనం చేయలేం, చేయనక్కర్లేదు కూడా. మధ్యాహ్నపు కరెంటు ధర సరిగ్గా పెడితే మన చిన్న ఫ్యాక్టరీలకు అదే పెద్ద సాయం.

యంత్రం పెట్టుబడి మాత్రం తక్కువ కాదు. అదే శక్తి గల బాయిలర్ కంటే చాలా ఎక్కువ. చిన్న, మధ్యతరహా పరిశ్రమల్లో శక్తి పొదుపు యంత్రాలకు వడ్డీలో రాయితీ ఇచ్చే పథకాన్ని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2025లో ప్రారంభించింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 5 శాతం, మధ్యతరహా వాటికి 3 శాతం. మన జిల్లాల్లో దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. పరిశ్రమల కేంద్రాల అధికారులు ఈ సమాచారాన్ని పారిశ్రామికవాడల దాకా తీసుకెళ్లాలి.

ఇంకొకరిని మరిచిపోకూడదు. బాయిలర్ దగ్గర పని చేసే మనిషి. మే నెలలో, బూడిద మధ్య, మంట తలుపు తెరిచి బ్రికెట్లు తోసే మనిషి. ఆయనకు సర్టిఫికెట్ ఉంది, అనుభవం ఉంది, ఆవిరి ఒత్తిడి శబ్దాన్ని బట్టి చెప్పగలడు. బాయిలర్ తీసేస్తే ఆయన ఏమవుతాడు? హీట్ పంప్ నడపడానికి కావలసిన పనితనం అమ్మోనియా ప్లాంటు ఆపరేటర్ పనితనానికి దగ్గరగా ఉంటుంది. అమ్మోనియా లీకైతే ప్రాణాపాయం, కొన్ని యంత్రాల్లో వాడే బ్యూటేన్ మండే వాయువు. కనుక శిక్షణ తప్పనిసరి. ఆ శిక్షణ యంత్రం వచ్చాక ఇచ్చేది కాదు. ఐటీఐల్లో రిఫ్రిజిరేషన్ కోర్సు ఎలాగూ ఉంది. దానికి మరి కొన్ని నెలలు జోడించి, బాయిలర్ అటెండెంట్లకు మొదటి అవకాశం ఇవ్వాలి. పొగ తగ్గించడం పేరుతో ఆ మనిషిని ఇంటికి పంపే పథకమైతే నేను దాన్ని సమర్థించను.

ఈ సంవత్సరం మీ ఫ్యాక్టరీలో పాత బాయిలర్ మార్చే ఆలోచన ఉంటే, ఇప్పుడు కొనేది పాతికేళ్లు మండుతుందని గుర్తుంచుకోండి. 2050లోనూ దానికి బొగ్గు కావాలి. అందుకే బాయిలర్ కొటేషన్లు తెప్పించుకునే వారంలోనే హీట్ పంప్‌కూ ఒకటి తెప్పించండి. అంతకుముందు వారం రోజుల పాటు మీ కూలింగ్ టవర్‌కు పోయే నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయో, గంటకు ఎన్ని లీటర్లు పోతున్నాయో, లోపల ఏ పనికి అసలు ఎన్ని డిగ్రీలు కావాలో థర్మామీటరుతో కొలిచి రాయించండి. ఆ కాగితం ముందు పెట్టి అడిగితేనే అమ్మేవాళ్ల దగ్గర్నుంచి మీ ఫ్యాక్టరీకి సరిపడే సంఖ్య వస్తుంది. అది 1.7కు పైనో కిందో మీరే చూసుకోవచ్చు.